నాన్న ఆస్తికి వకీలు కావాలా?

నాన్న పోయిన నెలకు, మాసికం పెట్టిన రోజు సాయంత్రం, పద్మారావునగర్‌లోని మా ఫ్లాటు హాల్లో చాప పరిచి, ఆయన ఇనుప బీరువాలోని కాగితాలన్నీ దాని మీద పెట్టుకుని కూర్చున్నాం. 2025 ఫిబ్రవరి అది. అమ్మ, నేను, నా భర్త, నాలుగు రోజుల్లో తిరిగి డాలస్ వెళ్ళవలసిన తమ్ముడు. ఎవరూ ఏడవడం లేదు. కాగితాలు చూస్తున్నప్పుడు మనిషికి ఒక రకమైన నిబ్బరం వస్తుందని ఆ రోజే తెలిసింది. 1996లో కొన్న ఈ ఫ్లాటు సేల్ డీడు, జనగామ జిల్లాలో మా ఊరి మూడెకరాల ఇరవై గుంటల పట్టాదారు పాసుపుస్తకం, మూడు బ్యాంకుల ఫిక్స్‌డ్ డిపాజిట్ల రసీదులు, పసుపు రంగుకు తిరిగిన కొన్ని షేర్ల సర్టిఫికెట్లు, రెండు బీమా పాలసీలు. వీలునామా మాత్రం లేదు.

తమ్ముడు తేలికగా తేల్చేశాడు: "మంచి లాయరును చూసి మొత్తం అప్పగించేద్దాం అక్కా, ఎంతయినా ఇద్దాం." వకీలు అన్న మాట వినగానే అమ్మ ముఖం మారిపోయింది. అమ్మ పుట్టింటి పంపకాల దావా ఇరవై ఏళ్ళకు పైగా నడిచింది. వాయిదాకు వెళ్ళి వచ్చిన అన్నదమ్ములు ఒకే బస్సులో ముందొకరు, వెనుకొకరు కూర్చుని ఊరికి తిరిగి వచ్చేవారట. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత మా అమ్మమ్మ ఇంట్లో సామెత కాదు, కళ్ళారా చూసిన సంగతి. పైగా మన ఇళ్ళలో ఒకరు వకీలును పెట్టుకున్నారంటే మిగిలినవారు అర్థం చేసుకునేది ఒకటే: మనసులో ఏదో పెట్టుకున్నారని. కాబట్టి వకీలు అవసరమా అనే ప్రశ్న మా ఇంట్లో డబ్బు లెక్కగా మొదలుకాలేదు, పరువు లెక్కగా మొదలయింది.

ఆ రాత్రి మేము చేసుకున్న ఒప్పందం ఇది: నేను హైదరాబాద్‌లోనే ఉన్నాను, కాగితాలు చదవడం వచ్చు, కాబట్టి చేతనయినంత వరకు నేనే తిరుగుతాను, ఎక్కడ ఆగిపోతానో అక్కడ ఆలోచిద్దాం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, నేను ఆగిపోతాననుకున్న చోట ఎక్కడా ఆగలేదు, ఆగనక్కరలేదనుకున్న చోటే ఆగిపోయాను.

మరణ ధ్రువపత్రం జీహెచ్‌ఎంసీ నుంచి తేలికగానే వచ్చింది. ఆసుపత్రి నుంచి సమాచారం వెళ్ళింది, 21 రోజుల గడువు లోపలే నమోదు జరిగింది. దాని ప్రతులు పది తీసుకోమని ఎవరో చెబితే నవ్వాను గానీ, చివరికి పదీ ఖర్చయ్యాయి. తరువాత మీసేవలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టాను. గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, వచ్చి, పక్క ఫ్లాట్ల వారిని ఇద్దరిని అడిగి, పంచనామా రాసుకుని వెళ్ళారు. కొన్నాళ్ళకు తహసీల్దారు సంతకంతో పత్రం వచ్చింది. అందులో మూడు పేర్లు: భార్య, కుమార్తె, కుమారుడు. దరఖాస్తులో ఆ మూడు పేర్లు నింపింది నేనే. ఈ మాట గుర్తుంచుకోవాలి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

బ్యాంకుల పని ఊహించినంత భయంకరంగా లేదు. రెండు డిపాజిట్లకు అమ్మ నామినీగా ఉంది కాబట్టి, మరణ ధ్రువపత్రం, గుర్తింపు కాగితాలు, బ్యాంకు వారి సొంత ఫారం ఇస్తే సరిపోయింది. మూడోది పాత డిపాజిట్, నామినీ గడి ఖాళీ. అక్కడి మేనేజరు నా కాగితాలు పూర్తిగా తెరవకముందే "సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చుకోండమ్మా" అన్నారు. నాలుగు లక్షల రూపాయల డిపాజిట్‌కు కోర్టుకు వెళ్ళాలా అని ఒక పూట దిగులుపడ్డాను. తరువాత తెలిసింది ఏమిటంటే, ఒక పరిమితి లోపలి మొత్తాలకు వారసుల హామీ పత్రం తీసుకుని చెల్లించేలా ప్రతి బ్యాంకూ ఒక విధానం పెట్టుకోవాలని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. ఆ విధానం ప్రకారం నా దరఖాస్తును పరిశీలించండి, కుదరదంటే కుదరదని రాసి ఇవ్వండి అని ఒక ఉత్తరం రాసి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. మరో సారి కోర్టు ప్రస్తావన రాలేదు. తమ్ముడి అభ్యంతర రాహిత్య పత్రం, నాదీ, హామీ పత్రం, ఇద్దరు జామీనుదారులు, అంతే.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. మన వాడుకలో "వారసత్వ సర్టిఫికెట్" అన్న ఒక్క పేరుతో రెండు వేరు వేరు కాగితాలను పిలుస్తాం. తహసీల్దారు ఇచ్చేది కుటుంబంలో ఎవరెవరున్నారో చెప్పే పత్రం. సక్సెషన్ సర్టిఫికెట్ 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద కోర్టు ఇచ్చేది. అది బ్యాంకు డబ్బు, షేర్లు, బాకీల వంటివాటికే గాని ఇళ్ళకూ భూములకూ సంబంధించినది కాదు. మరణించిన వ్యక్తి సాధారణంగా ఎక్కడ నివసించేవారో అక్కడి కోర్టులో దానికి పిటిషన్ వేయాలి. మాకు అవసరమై ఉంటే సికింద్రాబాద్ సిటీ సివిల్ కోర్టుకు వెళ్ళేవాళ్ళం. నోటీసులు, పత్రికా ప్రకటన, కోర్టు ఫీజు ఉంటాయి కాబట్టి ఆ దారిలో వెళ్ళేవారికి వకీలు కావలసిందే. మాకు ఆ దారి అక్కరలేకపోయింది. నామినీ అంటే యజమాని అనుకోవడం మరో పొరపాటు. బ్యాంకు ఎవరి చేతికి డబ్బు ఇచ్చి తన బాధ్యత తీర్చుకుంటుందో ఆ వ్యక్తి నామినీ, ఆ డబ్బు ఎవరిదన్నది వారసత్వ చట్టం తేలుస్తుంది. షేర్ల విషయంలోనూ అంతేనని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో స్పష్టం చేసింది. అయితే బీమాలో 2015 సవరణ తరువాత భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ సొమ్ము సాధారణంగా వారిదే అవుతుంది. అమ్మ నామినీగా ఉన్న నాన్న రెండు పాలసీలూ అందుకే చర్చ లేకుండా తీరిపోయాయి.

ఆదాయపు పన్ను రిటర్ను చట్టబద్ధ వారసురాలిగా నమోదు చేసుకుని నేనే వేశాను. వారసత్వపు పన్ను ఎంత కట్టాలని బంధువులు చాలామంది అడిగారు. ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది, ఇప్పుడు మన దేశంలో అలాంటి పన్ను లేదు. షేర్ల గొడవ వేరే కథ, ఏడేళ్ళు వరుసగా డివిడెండు తీసుకోనివి ప్రభుత్వ నిధికి బదిలీ అయిపోయాయి, వాటికి దరఖాస్తు ఇంకా నడుస్తోంది.

బీరువా కింది అరలో నాన్న 2019 డైరీ దొరికింది. ఒక పేజీలో ఆయన చేతిరాతతో, "నా తరువాత ఇల్లు పూర్తిగా జానకిది. పొలం పిల్లలిద్దరికీ సమానం" అని ఉంది. అమ్మ ఆ పేజీని చాలాసేపు చేత్తో పట్టుకుని కూర్చుంది. అది వీలునామా కాదు. వీలునామాను స్టాంపు కాగితం మీద రాయనక్కరలేదు, రిజిస్టరు చేయడం కూడా తప్పనిసరి కాదు, కానీ ఇద్దరు సాక్షులు సంతకం చేసి ఉండాలి. ఆ పేజీ మీద సాక్షులు కాదు కదా, ఆయన సంతకమే లేదు. ఆయన ఇంకో పది నిమిషాలు వెచ్చించి, పక్కింటి వారిని ఇద్దరిని పిలిచి ఉంటే ఫ్లాటు విషయంలో నేను ఇక ముందు చెప్పబోయే కథ ఉండేది కాదు. చట్టం దృష్టిలో ఆ పేజీకి విలువ లేకపోయినా మా ముగ్గురికీ అదే ఆజ్ఞ. ఫ్లాటు అమ్మ పేరు మీదికి మార్చాలి, అంటే నేనూ తమ్ముడూ మా హక్కు విడుదల చేస్తూ దస్తావేజు రాయాలి.

సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం దగ్గరి డాక్యుమెంట్ రైటరు తహసీల్దారు ఇచ్చిన పత్రం చూసి, "ముగ్గురే కదమ్మా, ఇద్దరు విడుదల చేస్తే అమ్మగారిది అయిపోతుంది, ఒక్క రోజు పని" అన్నారు. తమ్ముడి బదులు సంతకం పెట్టేందుకు పవర్ ఆఫ్ అటార్నీ నమూనా కూడా ఇచ్చారు. ఆ రాత్రి, ఊరికే ఒకసారి చూద్దామని, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తీసి చదివాను. వీలునామా లేకుండా పోయిన మగవాడి సొంత ఆస్తి మొదటి తరగతి వారసులకు సమానంగా వెళ్తుందని ఉంది. ఆ జాబితాలో కొడుకు, కూతురు, భార్య, తరువాత తల్లి.

మా నాయనమ్మ బతికే ఉంది. ఎనభై ఎనిమిదేళ్ళు. ఊళ్ళో బాబాయి దగ్గర ఉంటుంది. కొడుకు శవం దగ్గర కూర్చుని ఏడ్చిన ఆమెను, కొడుకు కుటుంబ సభ్యుల పేర్లు నింపేటప్పుడు నేను మరిచిపోయాను. గిర్దావర్ అడగలేదు, పక్కింటివారు చెప్పలేదు, నాకు తోచలేదు. పద్మారావునగర్ ఫ్లాటులో ఆమెది నాలుగో వంతు. ఆమె సంతకం లేకుండా రిజిస్టరు చేసుకుని ఉంటే, రేపు ఆమె కాలం చేశాక ఆ నాలుగో వంతు ఆమె వారసులందరికీ పోయేది: బాబాయికి, మేనత్తకు, నాన్న వాటాగా మాకు. అమ్మ ఆ ఇల్లు అమ్మదలచుకున్న రోజున కొనేవారి వకీలు ఒక్క ప్రశ్నతో బేరం ఆపేసేవారు.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, వకీలు కావాలని. చట్టం అర్థం కాక కాదు, అది నాలుగు పంక్తుల్లో స్పష్టంగానే ఉంది. ఎవరెవరి సంతకం కావాలన్న జాబితా నాకు తెలుసుననుకున్నాను, తెలియదని తేలింది. ఒకరిని మరిచినదాన్ని ఇంకొకరిని మరవలేదని ఏమిటి నమ్మకం?

మొదట కలిసిన వకీలు ఫ్లాటు మార్కెట్ విలువ ఎంతని అడిగారు, తరువాత మాట్లాడిందంతా ఆ విలువలో తన శాతం గురించే. ఇబ్బంది రాకుండా ముందే పార్టిషన్ సూట్, అంటే పంపకాల దావా, వేసి అందరూ రాజీపడ్డట్టు డిక్రీ తెచ్చుకుందామన్నారు. అలా చేసేవారున్నారు, అందులో తప్పు లేదు. కానీ గొడవే లేని ఇంట్లో మా అమ్మను ప్రతివాదిగా చూపించే కాగితం మీద నేను సంతకం చేయదలచుకోలేదు. దావా ఫలితాన్ని బట్టి ఫీజు గాని, వచ్చిన ఆస్తిలో వాటా గాని మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నాయి కాబట్టి, శాతాల మాట ఎత్తినచోట కొంచెం జాగ్రత్తపడడం మంచిదని నా అభిప్రాయం.

రెండో ఆమె కార్యాలయం మారేడ్‌పల్లిలో. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "నేను ఎవరి వకీలును?" అని. నాకు అర్థం కాలేదు. "మీ నలుగురి ప్రయోజనాలూ ఇవాళ ఒకటే కావచ్చు, రేపు కాకపోవచ్చు. నేను మీ అమ్మగారి తరఫున పనిచేస్తాను. మీలో మీకు తేడా వస్తే ఎవరి తరఫునా రాను, అప్పుడు ఎవరి వకీలును వారు చూసుకోవాలి" అని చెప్పి, ఆ మాటనే కాగితం మీద రాసి ఇచ్చారు. ఏ పనికి ఎంతో విడివిడిగా రాశారు: సలహాకు ఇంత, విడుదల దస్తావేజు ముసాయిదాకు ఇంత, తమ్ముడి పవర్ ఆఫ్ అటార్నీకి ఇంత. బ్యాంకు పనులకు తన అవసరం లేదని ఆమే చెప్పారు. అమ్మకు వకీలు భయం ఆ కాగితం చూశాక సగం తగ్గింది.

నాయనమ్మను ఊరి నుంచి తీసుకువచ్చాం. వకీలుగారు ఇంటికి వచ్చి, మమ్మల్నందరినీ బయటికి వెళ్ళమన్నారు. మా ఇంట్లో మమ్మల్నే బయట నిలబెడితే తమ్ముడు ఫోనులో చిరాకుపడ్డాడు. అరగంట తరువాత తలుపు తీశారు. పెద్ద వయసు వారు హక్కు విడుదల చేసినప్పుడు, వారికి చెప్పకుండా, భయపెట్టి, మాయచేసి రాయించుకున్నారన్న మాటే తరువాత తరచుగా వస్తుందనీ, అందుకే ఆమెకు ఏమి ఉందో, ఏమి వదులుకుంటోందో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పడం తన పద్ధతనీ అన్నారు. నాయనమ్మకు చెవులు సరిగా వినిపించవు గానీ మాట ఖచ్చితం. అందరం కూర్చున్నాక ఆమె అన్నది: "నా పాలు కోడలికే ఇస్త బిడ్డా. ఇచ్చిన అని రాయుండ్రి. నాకు లేనే లేదన్నట్టు మాత్రం రాయకుండ్రి."

దస్తావేజులో మొదటి పేరాలోనే ఆమె నాలుగో వంతు హక్కును రాసి, దాన్ని కోడలికి విడుదల చేస్తున్నట్టు రాశారు. దానికి ఏ పేరు పెడితే ఎంత స్టాంపు సుంకమన్నది మారుతుంది, అది కూడా వకీలుగారే చూసుకున్నారు. నడవలేని వారికి సబ్‌రిజిస్ట్రారు ఇంటికే వచ్చి రిజిస్టరు చేసే వీలు చట్టంలో ఉందని చెబితే, నాయనమ్మ వద్దని, కార్యాలయానికే వస్తానని పట్టుపట్టింది. తమ్ముడి పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరణ పొంది వచ్చింది. అలాంటి పత్రానికి మన దేశంలో అందిన మూడు నెలల లోపల స్టాంపు సుంకం కట్టాలన్న సంగతి డాక్యుమెంట్ రైటరు ఇచ్చిన నమూనాలో ఎక్కడా లేదు.

ఫ్లాటు అలా తేలింది. పొలం దగ్గర వకీలుగారు రెండు ప్రశ్నలు వేశారు. "మీ తాతగారు ఆ భూమి ఎలా సంపాదించారు? ఏ సంవత్సరంలో పోయారు?" తాత 1958లో సొంత డబ్బుతో ఏడెకరాలు కొన్నాడు. 1984లో వీలునామా రాయకుండా పోయాడు. మరుసటి ఏడు నాన్న, బాబాయి ఊరి పెద్దమనుషుల ముందు నోటిమాటగా చెరి సగం పంచుకున్నారు, పట్టాలు అలాగే అయ్యాయి. నలభై ఏళ్ళుగా మా ఇంట్లో ఆ పంపకాన్ని ఎవరూ శంకించలేదు.

తాత స్వార్జితం కాబట్టి అది ఆయన పోయిన రోజున నలుగురిది అని వకీలుగారు చెప్పారు: భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. అంటే మేనత్తది ఎకరం ముప్పై గుంటలు. చాలామంది అనుకున్నట్టు ఆడపిల్లకు హక్కు 2005 సవరణతోనే రాలేదు. ఆ సవరణ పుట్టుకతో వచ్చే ఉమ్మడి ఆస్తి హక్కు గురించి. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా 1956 నుంచే ఉంది. పెళ్ళిలో పెట్టాం కదా అన్నది మన మాట, చట్టం మాట కాదు. నలభై ఏళ్ళు ఊరుకున్నారు కాబట్టి హక్కు పోయిందని వాదించే వకీళ్ళు ఉంటారు, పోలేదని వాదించే వారూ ఉంటారు, ఆ వాదన తేలేది మాత్రం కోర్టులోనే.

విరాసత్, అంటే నాన్న పట్టాను వారసుల పేరు మీదికి మార్చడం, చేయించుకోవడానికి ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదేమో అని తమ్ముడు అన్నాడు. భూముల రికార్డులకు ధరణి పోర్టల్ ఉన్న రోజుల్లో వారసులంతా ఒప్పుకుని వస్తే చాలని, తహసీల్దారు విచారణ లేకుండానే పట్టా మార్చేవారు. 2025 ఏప్రిల్‌లో భూభారతి చట్టం అమలుకు వచ్చాక నోటీసులు, విచారణ మళ్ళీ వచ్చాయి. అయినా నోటీసు వెళ్ళేది మేము చూపించిన వారసులకు. పాసుపుస్తకంలో ఉన్నది నాన్న పేరు. మేనత్త పేరు ఎవరు రాస్తారు? ఒకసారి నాయనమ్మ పేరు రాయడం మరిచిపోయాను, అది పొరపాటు. ఇప్పుడు తెలిసీ మేనత్త పేరు రాయకపోతే దాన్ని ఏమనాలో తమ్ముడినే అడిగాను. వాడు రెండు రోజులు ఫోను చేయలేదు. తరువాత చేసి, "అమ్మను అడుగు" అన్నాడు. అమ్మ ఎంతో ఆలోచించలేదు. బాబాయి మాత్రం, "ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు తవ్వుతున్నరు?" అని ఇప్పటికీ కోపంగానే ఉన్నారు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. మేము తవ్వేది ఆయన పొలం కింద కూడా.

ఇంతవరకు వకీలుకు మేమిచ్చిన ఫీజు, బ్యాంకులో నామినీ లేని ఆ డిపాజిట్ మీద ఏడాదికి వచ్చే వడ్డీ కంటే కొంచెం ఎక్కువ. తమ్ముడు మొదటి రోజు చెప్పినట్టు మొత్తం అప్పగించి ఉంటే దానికి చాలా రెట్లు అయ్యేది. నేను అనుకున్నట్టు అసలు వెళ్ళకుండా ఉంటే ఒక్క రూపాయీ అయ్యేది కాదు, ఆ ఒక్క రోజు పని ఒక్క రోజులోనే పూర్తయ్యేది.

పోయిన ఆదివారం అమ్మ, నేను ఉప్పల్‌లోని మేనత్త ఇంటికి వెళ్ళాం. తాత కొన్న కాగితం నకలు, పాసుపుస్తకాల నకళ్ళు, వకీలుగారు రాసిన రెండు పేజీల వివరణ ఆమె ముందు పెట్టాం. భూమి తీసుకుంటారా, డబ్బు తీసుకుంటారా, వదులుకుంటారా అన్నది ఆమె ఇష్టమని చెప్పాం. ఆమె కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ పైకి చదివారు. కాగితాలు మడిచి బీరువాలో పెడుతూ, "నేను కూడా ఒక వకీలును అడిగి చెబుతా వదినా, ఏమనుకోకు" అన్నారు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుందని, 15100కు ఫోను చేయవచ్చని నేను చెప్పాను. అమ్మ ఆ నంబరును తనే ఒక చీటీ మీద రాసి ఆమెకు ఇచ్చింది.